కుస్కో నుంచి లా పాజ్‌కు: దూరం, విమాన సమయం, రోడ్డు దారి – తరచుగా అడిగే ప్రశ్నలు

మాచు పిక్చు చూడడానికి పెరూలోని కుస్కోకు వెళ్లినవారిలో చాలామంది అక్కడితో ఆగకుండా టిటికాకా సరస్సు మీదుగా బొలీవియాలోని లా పాజ్‌కు వెళ్లాలని అనుకుంటారు. పటంలో చూస్తే ఈ రెండు నగరాలూ దగ్గరగానే కనిపిస్తాయి, నిజానికి దగ్గరే. అయితే ఈ దారిలో కిలోమీటర్ల కంటే ముందుగా లెక్కలోకి తీసుకోవలసినవి మూడున్నాయి: దేశ సరిహద్దు, గంట కాలమాన వ్యత్యాసం, సముద్ర మట్టం నుంచి నాలుగు వేల మీటర్లకు చేరే ఎత్తు. కింది సమాధానాలన్నీ ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని రాసినవే.

కుస్కోకు, లా పాజ్‌కు మధ్య దూరం ఎంత?

రెండు నగరాల విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గంలో దూరం సుమారు 520 కిలోమీటర్లు. రోడ్డు మీద పునో, దేసాగ్వదేరో పట్టణాల మీదుగా వెళితే దాదాపు 650 కిలోమీటర్లు, సరస్సు ఒడ్డునున్న కోపకబానా మీదుగా వెళితే దాదాపు 690 కిలోమీటర్లు అవుతుంది. దూరం అడిగినప్పుడు వేర్వేరు చోట్ల వేర్వేరు అంకెలు కనిపించడానికి కారణం ఇదే. ఒకరు ఆకాశమార్గాన్ని చెబుతారు, మరొకరు రోడ్డును చెబుతారు, ఏ రోడ్డో చాలామంది చెప్పరు.

ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటుంది. ఆండీస్ పర్వతాలలో రోడ్డు దూరం సాధారణంగా ఆకాశ దూరానికి రెట్టింపు దాకా వెళుతుంది. ఉదాహరణకు కుస్కో నుంచి పెరూ రాజధాని లిమాకు ఆకాశమార్గంలో 585 కిలోమీటర్లు మాత్రమే ఉండగా, అబంకాయ్, నాస్కా మీదుగా వెళ్లే రోడ్డు దాదాపు 1,100 కిలోమీటర్లు ఉంటుంది, బస్సులో ఇరవై గంటలకు పైగా పడుతుంది. కుస్కో–లా పాజ్ దారిలో మాత్రం రోడ్డు ఆకాశ దూరం కంటే నాలుగో వంతు మాత్రమే ఎక్కువ. లా రాయా కనుమ దాటాక మిగిలినదంతా ఆల్టిప్లానో అనే విశాలమైన ఎత్తైన మైదానం కావడంతో రోడ్డు మెలికలు తిరగవలసిన అవసరం పెద్దగా లేదు. అందుచేత ఈ ప్రయాణంలో ఆలస్యం జరిగితే దానికి కారణం కొండ మలుపులు కాదు, సరిహద్దు కార్యాలయమో, హులియాకా పట్టణపు రద్దీయో అయి ఉంటుంది.

ఆ 520 కిలోమీటర్ల లెక్క ఎలా వచ్చింది? మనమే వేసుకోవచ్చా?

తప్పకుండా వేసుకోవచ్చు. కుస్కో విమానాశ్రయం దక్షిణ అక్షాంశం 13.54 డిగ్రీలు, పశ్చిమ రేఖాంశం 71.94 డిగ్రీల దగ్గర ఉంది. లా పాజ్‌కు సేవలందించే ఎల్ ఆల్టో విమానాశ్రయం దక్షిణ అక్షాంశం 16.51, పశ్చిమ రేఖాంశం 68.19 డిగ్రీల దగ్గర ఉంది. అంటే అక్షాంశాలలో తేడా 2.97 డిగ్రీలు, రేఖాంశాలలో తేడా 3.75 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి ఉత్తర–దక్షిణ దూరం 330 కిలోమీటర్లు అవుతుంది. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. 15 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం విలువ సుమారు 107.5 కిలోమీటర్లు కాబట్టి తూర్పు–పడమర దూరం 403 కిలోమీటర్లు. ఈ రెండూ లంబకోణ త్రిభుజపు భుజాలు అనుకుంటే కర్ణం 520 కిలోమీటర్లకు వస్తుంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల కచ్చితమైన గణనకు గోళ త్రికోణమితి వాడాలి గానీ, ఇంత చిన్న దూరానికి బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రం సరిపోతుంది. కుస్కో నుంచి చూస్తే లా పాజ్ ఆగ్నేయ దిశలో ఉంటుంది.

నగర కేంద్రాల మధ్య కొలిస్తే అంకె కొద్దిగా మారుతుంది. కుస్కో విమానాశ్రయం నగరం మధ్యలోనే, ప్రధాన కూడలికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎల్ ఆల్టో విమానాశ్రయం మాత్రం లా పాజ్ లోయకు పైన, పీఠభూమి అంచు మీద ఉంది.

నేరుగా వెళ్లే విమానానికి ఎంత సమయం పడుతుంది?

గాలిలో ఉండే సమయం సుమారు ఒక గంట, పది నిమిషాలు అటూ ఇటూ. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుందనుకుంటే 520 కిలోమీటర్లకు నలభై నిమిషాలు చాలు. అయితే పైకెక్కేటప్పుడు, కిందకు దిగేటప్పుడు ఆ వేగం ఉండదు, ఇంత చిన్న ప్రయాణంలో ఆ రెండు దశలకే ఎక్కువ సమయం పోతుంది. విమానాశ్రయాల చుట్టూ కొండలు ఉండడంతో నిర్దేశిత మార్గాల్లో కొంత చుట్టు తిరిగి దిగవలసి వస్తుంది.

ఇంటి గుమ్మం నుంచి బస చేసే చోటి గుమ్మం దాకా లెక్కిస్తే ఆ గంట కాస్తా ఐదారు గంటలవుతుంది. అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి రెండున్నర, మూడు గంటలు ముందుగా వెళ్లాలి. దిగాక ఇమిగ్రేషన్ వరుస, సామాను, ఆ తర్వాత ఎల్ ఆల్టో నుంచి లా పాజ్‌లోకి దిగడానికి రద్దీని బట్టి అరగంట నుంచి గంట పడతాయి.

వెళ్లేటప్పుడు టికెట్టులో రెండు గంటలు కనిపిస్తోంది, వచ్చేటప్పుడు ఐదు నిమిషాలే కనిపిస్తోంది. ఇది పొరపాటా?

పొరపాటు కాదు. పెరూ కాలమానం అంతర్జాతీయ ప్రామాణిక సమయానికి ఐదు గంటలు వెనుక ఉంటుంది, బొలీవియా కాలమానం నాలుగు గంటలు వెనుక ఉంటుంది. అంటే లా పాజ్ గడియారం కుస్కో గడియారం కంటే ఎప్పుడూ ఒక గంట ముందుంటుంది. రెండు దేశాల్లోనూ వేసవిలో గడియారాన్ని జరిపే పద్ధతి లేనందున ఈ తేడా ఏడాది పొడుగునా ఒకటే. టికెట్టు మీద బయలుదేరే సమయాన్ని, చేరే సమయాన్ని ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక కాలమానంలోనే ముద్రిస్తారు. కుస్కోలో ఉదయం 10 గంటలకు బయలుదేరి గంటా ఐదు నిమిషాలు ప్రయాణించిన విమానం లా పాజ్ సమయం ప్రకారం 12 గంటల 5 నిమిషాలకు దిగుతుంది. అదే విధంగా లా పాజ్‌లో 10 గంటలకు బయలుదేరినది కుస్కో సమయం ప్రకారం 10 గంటల 5 నిమిషాలకే దిగుతుంది.

బస్సులో వెళ్లేవారికి ఈ గంట ఇంకా ముఖ్యం. సరిహద్దు కార్యాలయాలు రాత్రి మూసివేస్తారు, పెరూ వైపు కార్యాలయం పెరూ సమయాన్ని, బొలీవియా వైపు కార్యాలయం బొలీవియా సమయాన్ని పాటిస్తాయి. సాయంత్రం పెరూ వైపు ముద్ర వేయించుకుని సరిహద్దు దాటేసరికి అవతల గడియారం గంట ముందుకు జరిగి ఉంటుంది. మూసే వేళకు దగ్గరగా చేరుకునేలా ప్రయాణాన్ని ఎన్నడూ కుదుర్చుకోకూడదు.

అక్కడి నుంచి భారతదేశంలోని వారికి ఫోన్ చేయాలంటే, కుస్కో సమయానికి పదిన్నర గంటలు, లా పాజ్ సమయానికి తొమ్మిదిన్నర గంటలు కలుపుకోవాలి.

నేరు విమానాలు రోజూ ఉంటాయా? లేకపోతే ఏం చేయాలి?

ఈ మార్గంలో సేవలు నిలకడగా ఉండవు. విమాన సంస్థలు మారుతుంటాయి, వారంలో ఎన్ని రోజులు నడపాలన్నదీ మారుతుంది. కొంతకాలం అసలే లేకుండా పోయి మళ్లీ మొదలైన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి పాత ప్రయాణ కథనాలలోని వేళలను నమ్ముకోకుండా, ప్రయాణించదలచిన నెలకు సంబంధించిన వేళలను సంస్థల దగ్గరే చూసుకోవాలి.

నేరు విమానం దొరకనప్పుడు ఎక్కువగా చూపించే ప్రత్యామ్నాయం లిమా మీదుగా వెళ్లడం. కుస్కో నుంచి లిమా 585 కిలోమీటర్లు, లిమా నుంచి లా పాజ్ సుమారు 1,080 కిలోమీటర్లు. రెండూ కలిపితే 1,665 కిలోమీటర్లు, అంటే నేరు దూరానికి మూడు రెట్లకు పైనే. ముందు వాయవ్యంగా సముద్రతీరానికి వెళ్లి, మళ్లీ అదే పర్వతాలను దాటుకుంటూ వెనక్కి రావాలి. గాలిలో మూడున్నర గంటల దాకా, మధ్యలో లిమాలో నిరీక్షణ అదనంగా పడతాయి. లిమాలోని హోర్హే చావేస్ విమానాశ్రయం 2025 జూన్ నుంచి కొత్త టెర్మినల్‌లో పనిచేస్తోంది. పాత టెర్మినల్‌ను ఉద్దేశించి రాసిన సూచనలు ఇప్పుడు పనికిరావు. లిమాలో ఎలాగూ పని ఉన్నవారికి ఈ దారి సరే. పని లేనివారు లిమా మీదుగా వెళ్లే బదులు పగటి బస్సులో పునో దాకా వెళ్లి, అక్కడ ఒక రాత్రి ఆగి, మరునాడు లా పాజ్ చేరడమే మంచిదని మా అభిప్రాయం. పట్టే సమయంలో తేడా ఉన్నా, ఆ సమయమంతా విమానాశ్రయపు కుర్చీలో కాకుండా చూడదగిన దారిలో గడుస్తుంది.

గాలి వాటాన్ని బట్టి వెళ్లే సమయం, వచ్చే సమయం మారుతాయా?

మారుతాయి గానీ ఇంత తక్కువ దూరంలో ఆ తేడా కొద్ది నిమిషాలే. ఆల్టిప్లానో మీద పై వాతావరణంలో వీచే గాలులు ఋతువును బట్టి దిశ మార్చుకుంటాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా, అంటే అక్కడి చలికాలంలో, పడమటి గాలులు ప్రబలంగా ఉంటాయి కాబట్టి లా పాజ్ వైపు వెళ్లే విమానానికి అవి తోడ్పడతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే వానాకాలంలో బొలీవియా మీద ఎత్తున ఒక అధిక పీడన ప్రాంతం ఏర్పడి, తూర్పు గాలులు మొదలవుతాయి. సంస్థలు ప్రకటించే వేళల్లో ఈ తేడా సాధారణంగా కనిపించదు.

కుస్కో విమానాలు ఎక్కువగా ఉదయమే ఎందుకు ఉంటాయి?

కుస్కో విమానాశ్రయం 3,310 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న ఇరుకైన లోయలో ఉంది. పడమటి వైపు కొండలు, నగరం అడ్డుగా ఉన్నందున విమానాలు సాధారణంగా తూర్పు నుంచి వచ్చి దిగి, తిరిగి తూర్పు వైపే ఎగురుతాయి. మధ్యాహ్నానికి ఎండ వేడెక్కి లోయలో గాలులు బలపడతాయి. వేడెక్కిన గాలి పలచబడి విమానం లేవడమూ కష్టమవుతుంది. ఉపగ్రహ సహాయంతో కొండల మధ్య కచ్చితమైన మార్గాన్ని అనుసరించే ఆర్‌ఎన్‌పీ విధానం వచ్చాక పరిస్థితి చాలా మెరుగుపడినా, ఉదయపు విమానమే నమ్మదగినదన్న మాట ఇప్పటికీ నిజమే. మధ్యాహ్నం దాటిన విమానం ఆలస్యమైనా రద్దయినా ఆ రోజు మరొకటి దొరకకపోవచ్చు.

ఈ విమానాశ్రయానికి అలెహాండ్రో వెలాస్కో అస్తేతే అనే పైలట్ పేరు పెట్టారు. కుస్కోకే చెందిన ఆయన 1925లో లిమా నుంచి ఆండీస్ మీదుగా తన సొంత ఊరికి విమానం నడిపి, అదే ఏడాది పునోలో జరిగిన ప్రమాదంలో మరణించారు. నేడు బస్సులో ఏడు గంటలు పట్టే కుస్కో–పునో దారి అంతా ఆయన ఆఖరి ప్రయాణపు దారే. కుస్కోకు వాయవ్యంగా చించేరో దగ్గర కొత్త అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణం జరుగుతోంది. అది ఇప్పటిదానికంటే ఇంకా ఎత్తున, 3,700 మీటర్లకు పైన ఉంటుంది.

ఎల్ ఆల్టోలో దిగడం మామూలు విమానాశ్రయంలో దిగడంలాంటిదేనా?

కాదు, ఈ పేజీలో అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాము. ఎల్ ఆల్టో సుమారు 4,060 మీటర్ల ఎత్తున ఉంది. ప్రపంచంలో అత్యంత ఎత్తున ఉన్న అంతర్జాతీయ విమానాశ్రయంగా దీనికి పేరు. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో 60 శాతానికి కొద్దిగా పైన మాత్రమే ఉంటుంది. పలచని గాలిలో రెక్కలకు చాలినంత ఊతం దొరకాలంటే విమానం నేల మీద ఎక్కువ వేగంతో పరుగెత్తాలి. సముద్ర తీరంలో దిగే వేగం కంటే ఇక్కడ నేల మీది వేగం ఐదో వంతుకు పైగా ఎక్కువగా ఉంటుంది. ఇంజన్లకు అందే గాలి కూడా తగ్గుతుంది కాబట్టి వాటి శక్తి తగ్గుతుంది. అందుకే ఇక్కడి రన్‌వేను నాలుగు కిలోమీటర్ల పొడవున కట్టారు. పూర్తి బరువుతో ఖండాంతర విమానాలు ఇక్కడి నుంచి లేవలేవు. అందుచేత బొలీవియా దూర ప్రయాణాలన్నీ చాలావరకు లోతట్టు నగరమైన సాంతా క్రూజ్ నుంచి సాగుతాయి. గంట ప్రయాణమైన కుస్కో విమానానికి ఇంధనం తక్కువే కావాలి కనుక ఈ ఇబ్బంది అంతగా ఉండదు.

ప్రయాణికులకు నేరుగా తెలిసే తేడా మరొకటి ఉంది. ప్రయాణికుల విమానాల్లో క్యాబిన్ లోపలి పీడనాన్ని సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉండే పీడనానికి తగ్గకుండా ఉంచుతారు. మామూలు ప్రయాణంలో విమానం లేచినప్పుడు క్యాబిన్ గాలి పలచబడి, దిగేటప్పుడు చిక్కబడుతుంది. కుస్కో–లా పాజ్ ప్రయాణంలో ఇది తారుమారవుతుంది. 3,310 మీటర్ల దగ్గర తలుపులు మూసుకున్న విమానంలో పైకెళ్లేకొద్దీ క్యాబిన్ గాలి చిక్కబడుతుంది, ఎల్ ఆల్టోకు దిగుతున్నకొద్దీ పలచబడుతుంది. అంటే విమానం కిందకు వస్తుంటే శరీరం పైకెక్కుతున్నట్టు లెక్క. దిగగానే కొందరికి తల తేలికగా అనిపించడానికి కారణం ఇదే. సామాను అందుకునే తొందరలో పరుగులు పెట్టకుండా, నెమ్మదిగా నడవాలి.

కిటికీ పక్క సీటు ఏ వైపు తీసుకోవాలి?

కుస్కో నుంచి వెళ్లేటప్పుడు ఎడమ వైపు. లేవగానే ఆ వైపున 6,300 మీటర్లు దాటిన అవుసంగాతే శిఖరం, చివరి అంకంలో ఇల్యాంపు, వైనా పొతోసి, 6,438 మీటర్ల ఇల్యిమానీ శిఖరాలతో కూడిన కోర్డిల్యేరా రియాల్ పర్వతశ్రేణి వరుసగా కనిపిస్తాయి. కుడి వైపు కూర్చున్నవారికి టిటికాకా సరస్సు ఎక్కువగా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో వైపులు మారతాయి. మబ్బులు పట్టే వానాకాలంలో ఏ వైపు కూర్చున్నా ఒకటే.

రోడ్డు మీద వెళితే ఏ దారి మంచిది?

పునో దాకా దారి ఒక్కటే. కుస్కో నుంచి విల్కనోటా నది వెంట సికువానీ మీదుగా ఎక్కి, 4,300 మీటర్లు దాటిన లా రాయా కనుమ దగ్గర పీఠభూమిలోకి ప్రవేశిస్తుంది. ఆ తర్వాత హులియాకా, ఆపై సరస్సు ఒడ్డున పునో. ఈ భాగం సుమారు 390 కిలోమీటర్లు, ఆరున్నర, ఏడు గంటలు. కొన్ని పర్యాటక బస్సులు దారిలోని అందవైలీల్యాస్ చర్చి, రక్చీ శిథిలాల దగ్గర ఆగుతూ రోజంతా తీసుకుంటాయి. చూడాలనుకునేవారికి అది మంచి ఏర్పాటు.

పునో తర్వాత సరస్సు దక్షిణపు ఒడ్డు వెంట ఇలావే, హులి పట్టణాలు దాటాక, పొమాటా దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడి వైపు వెళ్లేది దేసాగ్వదేరో దారి. సరస్సు నీరు బయటకు పారే దేసాగ్వదేరో నది మీది వంతెనే అక్కడ రెండు దేశాల హద్దు. అవతల గ్వాకీ, ప్రపంచ వారసత్వ స్థలమైన టివనాకు మీదుగా ఎల్ ఆల్టో చేరుతుంది. సరుకు లారీలన్నీ వెళ్లే దారి ఇదే. త్వరగా చేరాలనుకునేవారికి ఇదే సరైనది. సరిహద్దు దగ్గర సంత, గుంపు, గందరగోళం ఉంటాయి, అందులో అందం ఏమీ లేదు.

రెండోది యుంగుయో, కసానీ మీదుగా కోపకబానాకు వెళ్లేది. సరిహద్దు చిన్నది, ప్రశాంతమైనది. కోపకబానా దాటాక టికీనా జలసంధి దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కడ ప్రయాణికులు దిగి చిన్న మోటారు పడవల్లో దాటాలి. బస్సును బల్లపరుపు చెక్క పంటు మీదికెక్కించి విడిగా దాటిస్తారు. నీటి వెడల్పు ఒక కిలోమీటరుకు తక్కువే అయినా, గాలి ఎక్కువగా ఉన్న రోజున పంటు కోసం వేచి ఉండాలి. పడవ ఎక్కేటప్పుడు పాస్‌పోర్టు, డబ్బు బస్సులో వదిలిపెట్టకూడదు. దూరం 40 కిలోమీటర్లే ఎక్కువైనా సమయం రెండు మూడు గంటలు ఎక్కువ పడుతుంది. సరస్సులోని సూర్యద్వీపం చూడదలచినవారికి, తొందర లేనివారికి ఈ దారే సరి.

బస్సుకు మొత్తం ఎంత సమయం పడుతుంది? రాత్రి బస్సు ఎక్కవచ్చా?

దేసాగ్వదేరో మీదుగా పదకొండు నుంచి పదమూడు గంటలు, కోపకబానా మీదుగా పద్నాలుగు గంటలు లేదా అంతకు మించి. రాత్రి కుస్కోలో బయలుదేరి తెల్లవారుజామున పునో, ఉదయం సరిహద్దు, మధ్యాహ్నానికి లా పాజ్ చేరే బస్సులకు గిరాకీ ఎక్కువ. సరిహద్దు పగటిపూట పడుతుంది, ఒక రాత్రి బస ఖర్చు తగ్గుతుంది. అయితే జూన్, జూలై నెలల్లో లా రాయా చుట్టుపక్కల రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందకు పడిపోతుంది. బస్సులో వేడి సదుపాయం ఉందని చెప్పినా దుప్పటి వెంట ఉంచుకోవాలి. కుస్కో చేరిన మరునాడే ఈ బస్సు ఎక్కడం మంచిది కాదు. శరీరం 3,400 మీటర్లకే ఇంకా అలవాటుపడని స్థితిలో, నిద్రలో, 4,300 మీటర్లు దాటవలసి వస్తుంది.

అద్దె కారు తీసుకుని వెళ్లవచ్చా అని కొందరు అడుగుతారు. పెరూలో అద్దెకు ఇచ్చే కార్లను సాధారణంగా దేశం దాటించనివ్వరు.

రైలు ఉందా? సరస్సు మీద ఓడలో వెళ్లవచ్చా?

కుస్కో నుంచి పునో దాకా రైలు ఉంది, లా పాజ్ దాకా లేదు. ఉన్నది కూడా వారంలో కొన్ని రోజులు మాత్రమే నడిచే ఖరీదైన పర్యాటక రైలు. బస్సు ఏడు గంటల్లో వెళ్లే దూరానికి దానికి పది గంటలకు పైగా పడుతుంది. గమ్యం కోసం కాక ప్రయాణం కోసమే ఎక్కదగినది. ఒకప్పుడు పునో రేవులో రైలు దిగినవారు ఆవిరి ఓడలో రాత్రంతా సరస్సు దాటి బొలీవియా ఒడ్డున గ్వాకీలో మరో రైలు ఎక్కి లా పాజ్ చేరేవారు. ఆ ఓడల్లో మొదటి తరానికి చెందిన యవారీని ఇంగ్లండులో 1862లో తయారుచేసి, ముక్కలుగా విప్పి, కంచర గాడిదల మీద ఆండీస్ ఎక్కించి, తిరిగి అమర్చి 1870లో సరస్సులోకి దించారు. ఆ రాత్రి ఓడలు ఇప్పుడు లేవు. కోపకబానా వైపు నుంచి సరస్సు మీద నడిచే పర్యాటక పడవలు మాత్రం ఉన్నాయి.

ఏ నెలల్లో వెళ్లడం మంచిది? బందులు, రాస్తారోకోల సంగతేమిటి?

మే నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం నిర్మలంగా, రోడ్లు పొడిగా, రాత్రులు గడ్డకట్టే చలితో ఉంటాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు. ఆ నెలల్లో కుస్కో వైపు కొండచరియలు విరిగిపడడం, విమానాలు ఆలస్యం కావడం మామూలే.

వాతావరణం కంటే పెద్ద ఆటంకం రోడ్ల దిగ్బంధం. రెండు దేశాల్లోనూ నిరసన తెలిపేవారు రాళ్లు, టైర్లు అడ్డం పెట్టి రహదారులను ఆపేయడం తరచుగా జరుగుతుంది. 2022 డిసెంబరులో పెరూ అధ్యక్షుడు పేద్రో కాస్తియ్యోను పదవి నుంచి తొలగించిన తర్వాత దక్షిణ పెరూ అంతటా ఆందోళనలు చెలరేగాయి. కుస్కో విమానాశ్రయాన్ని కొన్ని రోజులు మూసివేశారు. హులియాకా, పునో ప్రాంతాల్లో రోడ్లు 2023 తొలి నెలల్లో చాలాకాలం స్తంభించాయి. ఇలాంటి సమయంలో 650 కిలోమీటర్లు అన్న అంకెకు అర్థం లేదు. దూర దేశానికి తిరుగు విమానం ఉన్నవారు దానికి ముందు రోజు ఈ రోడ్డు ప్రయాణం పెట్టుకోకూడదు, కనీసం రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం బస్సు కార్యాలయంలో దారి తెరిచి ఉందో లేదో అడిగితే సరైన సమాచారం దొరుకుతుంది.

ఎత్తు దృష్ట్యా ముందు కుస్కోకు వెళ్లాలా, లా పాజ్‌కా?

ముందు కుస్కోకే. విమానాశ్రయాల మధ్య ఎత్తులో తేడా 750 మీటర్లు. సముద్ర మట్టంలోని ఊరి నుంచి వచ్చి నేరుగా ఎల్ ఆల్టోలో దిగడం కంటే, కుస్కో దగ్గరి పవిత్ర లోయలో 2,800 మీటర్ల ప్రాంతంలో రెండు మూడు రాత్రులు గడిపి, తర్వాత కుస్కో, ఆపై పునో, చివరికి లా పాజ్ అన్న క్రమం శరీరానికి సుఖం. లా పాజ్ నగర కేంద్రం విమానాశ్రయం కంటే సుమారు 400 మీటర్లు కిందున్నది కాబట్టి దిగగానే లోయలోకి వెళ్లిపోవడం మేలు. తలనొప్పి, వికారం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. విశ్రాంతిలో కూడా ఆయాసం, తడబడే నడక, మతి స్థిమితం తప్పడం కనిపిస్తే వెంటనే తక్కువ ఎత్తుకు దిగి వైద్యం పొందాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, గర్భవతులు బయలుదేరక ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. ఎత్తు వల్ల కలిగే అస్వస్థతకు వాడే అసెటజోలమైడ్ మాత్రలు కూడా వైద్యుడి సలహా మీదనే వాడాలి.

అక్కడ అందరూ ఇచ్చే కోకా ఆకుల టీ రెండు దేశాల్లోనూ చట్టబద్ధమే. మిగిలిన ఆకులను, టీ పొట్లాలను భారతదేశానికి గానీ మరో దేశానికి గానీ తీసుకురాకూడదు. అది మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వీసాలు ఎలా?

రెండు దేశాలకు వేర్వేరు నియమాలు ఉన్నాయి, ఒకదాని వీసా మరొకదానికి చెల్లదు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లేదా షెంగెన్ దేశాల వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్న భారతీయులకు, ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉన్నవారికి పెరూ 2017 నుంచి పర్యాటక వీసా మినహాయింపు ఇస్తోంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి ఇది పనికొస్తుంది. బొలీవియా విషయంలో అలా అనుకుని బయలుదేరకూడదు, ఆ దేశపు రాయబార కార్యాలయం దగ్గర ముందే తేల్చుకోవాలి. లా పాజ్ చూసి మళ్లీ లిమా నుంచి విమానం ఎక్కేవారు పెరూలోకి రెండోసారి ప్రవేశిస్తున్నట్టు లెక్క. పెరూ వీసా తీసుకుని వెళ్లేవారైతే అది రెండోసారి ప్రవేశానికి కూడా చెల్లుతుందో లేదో చూసుకోవాలి. రోడ్డు మీద దాటేవారు పెరూ నుంచి బయటకు వెళ్లిన ముద్ర గానీ నమోదు గానీ పూర్తయిందని నిర్ధారించుకోకుండా సరిహద్దు దాటకూడదు.

కొండల మీదే తిరుగుతాం కదా, ఎల్లో ఫీవర్ టీకా ఎందుకు?

కుస్కో, లా పాజ్ నగరాల ఎత్తులో ఎల్లో ఫీవర్ దోమలు ఉండవు, ఆ మాట నిజమే. అయితే భారత ప్రభుత్వం చూసేది ఊరిని కాదు, దేశాన్ని. పెరూ, బొలీవియా రెండూ ఎల్లో ఫీవర్ వ్యాప్తి ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి. ఆ దేశాలను వదిలిన ఆరు రోజుల లోపు భారతదేశంలో అడుగుపెట్టేవారి దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్య అధికారులకు ఉంది. మధ్యలో మారే దేశాలు కూడా ఆ పత్రాన్ని అడగవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుబాటవుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో వేసిన టీకాకే గుర్తింపు ఉంటుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ అలాంటివి. అక్కడ వారంలో అన్ని రోజులూ టీకా వేయకపోవచ్చు, ముందుగా పేరు నమోదు చేసుకోవలసి రావచ్చు. అందుచేత ప్రయాణానికి కనీసం నెల ముందే ఈ పని ముగించుకోవాలి.